పన్‌ముంజొమ్‌లో పది నిమిషాలు

(జూలై చివరి ఆదివారం సాయంత్రం మా ఊరి గ్రంథాలయం హాల్లో ఒక రిటైర్డ్ చరిత్ర అధ్యాపకులు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం, మాట మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినపడుతోందా? వినపడకపోతే చెయ్యి ఎత్తండి, గొంతు పెంచుతాను. ఫ్యాను ఆపమని మాత్రం అడగొద్దు.

ముందుగా ఒక ఫిర్యాదు. బయట బోర్డు మీద ఏం రాశారో చూశారా? "రెండు శత్రు దేశాల మధ్య సంధి: కొరియా, 1953." రాసిన కుర్రాడి దస్తూరీ ముత్యాల్లా ఉంది, నేను కాదనను. కానీ ఆ ఒక్క వాక్యంలో "రెండు" తప్పు, "దేశాలు" తప్పు, "సంధి" తప్పు. "శత్రు" అన్న మాట ఒక్కటే కరెక్టు. బాబూ, నువ్వు తల దించుకోకు. తప్పు నీది కాదు. ప్రపంచంలో చాలామంది అలాగే అనుకుంటున్నారు. ఈ సాయంత్రం నేను చేసే పనల్లా ఆ బోర్డు దిద్దడమే.

ముందు ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. కొరియా యుద్ధంలో ఒక పక్క కమ్యూనిస్టు ఉత్తర కొరియా, చైనా. ఇంకో పక్క దక్షిణ కొరియా, దానికి అండగా అమెరికా, ఐక్యరాజ్యసమితి దళాలు.

1953 జూలై 27. సోమవారం. ఉదయం పది గంటలు. చోటు పన్‌ముంజొమ్. కొరియా ద్వీపకల్పం నడుమ ఒక చిన్న పల్లె, రెండు సైన్యాల మధ్య ఉంది కాబట్టి దాని పేరు మనకు తెలిసింది, లేకపోతే తెలిసేది కాదు. అక్కడ ఉత్తర కొరియావాళ్ళు కొద్ది రోజుల్లో ఒక చెక్క హాలు కట్టారు, కేవలం సంతకాల కోసం. కట్టి, దాని మీద శాంతి పావురాల బొమ్మ పెట్టారు. పికాసో గీశాడే, ఆ పావురం. ఐక్యరాజ్యసమితి దళాల సేనాని, అమెరికా జనరల్ మార్క్ క్లార్క్, ఆ పావురాలు తీస్తే తప్ప మావాళ్ళు లోపల అడుగు పెట్టరన్నాడు. పావురం ఏం చేసిందండీ పాపం? కానీ అప్పట్లో ఆ పావురం కమ్యూనిస్టుల ప్రచారపు గుర్తు. తీయించాడు. దక్షిణం వైపు నుంచి మావాళ్ళు రావడానికి వేరే తలుపు కావాలన్నాడు. పెట్టించాడు.

పది కొట్టేసరికి ఒక తలుపులోంచి అమెరికా జనరల్ విలియం హారిసన్ వచ్చాడు. ఇంకో తలుపులోంచి ఉత్తర కొరియా జనరల్ నామ్ ఇల్ వచ్చాడు. ఇద్దరూ ఎవరి బల్ల దగ్గర వాళ్ళు కూర్చున్నారు. ఒక్కొక్కరు పద్దెనిమిది ప్రతుల మీద సంతకాలు పెట్టారు. ఇంగ్లీషులో, కొరియన్‌లో, చైనీస్‌లో. పని పది నిమిషాల్లో తెమిలింది. ఇద్దరూ లేచారు, ఎవరి తలుపులోంచి వాళ్ళు వెళ్ళిపోయారు.

మాట లేదు. నమస్కారం లేదు. కరచాలనం లేదు. మన దగ్గర పొలం రిజిస్ట్రేషనుకు పోతే, కోర్టుల చుట్టూ పదేళ్ళు తిరిగిన దాయాదులు కూడా "ఏరా, బాగున్నావా" అనుకుంటారు. ఇక్కడ అది కూడా లేదు. ఆ హాల్లో ఉన్నవాళ్ళకు లోపల కలాల చప్పుడు, బయట దూరంగా ఫిరంగుల చప్పుడు, ఈ రెండే వినిపించాయి.

ఫిరంగులా? సంతకాలు అయిపోయాక ఫిరంగులేమిటి అని మీరు అడగాలి. అడగండి. ఎందుకంటే ఆ కాగితంలో రాసుకున్నదే అది: సంతకం చేసిన పన్నెండు గంటల తరవాత కాల్పులు ఆగాలి. అంటే రాత్రి పదికి. పొద్దున పదికి సంతకం, రాత్రి పదికి యుద్ధం బంద్. నూటయాభై మైళ్ళ పొడవునా కొండల్లో ఉన్న దళాలన్నిటికీ కబురు అందాలి, దానికి టైం కావాలి, అది నాకు అర్థమవుతుంది. కానీ ఆ పన్నెండు గంటలూ రెండు వైపులా కాలుస్తూనే ఉన్నారు. ఆ మధ్యాహ్నం కందకంలో కూర్చున్న కుర్రాడి సంగతి ఆలోచించండి. యుద్ధం అయిపోయిందని వాడికి తెలుసు. సాయంత్రం దాకా చావకుండా ఉంటే చాలు. అలాంటి పన్నెండు గంటలు ఎంత పొడుగు?

సరే, బోర్డు దగ్గరికి వద్దాం. "దేశాలు" అన్న మాట. ఆ కాగితం మీద ఎవరెవరి సంతకాలున్నాయి? హారిసన్, నామ్ ఇల్ కాకుండా పై సేనానులు ముగ్గురు పెట్టారు. ముగ్గురూ ఒక చోట కలవలేదు. క్లార్క్ మధ్యాహ్నం ఒంటిగంటకు మున్‌సాన్‌లో పెట్టాడు, ఐక్యరాజ్యసమితి దళాల కమాండర్‌గా. ఉత్తర కొరియా నాయకుడు కిమ్ ఇల్ సుంగ్ రాత్రి పదింటికి ప్యాంగ్యాంగ్‌లో పెట్టాడు, కొరియా ప్రజాసైన్యం సుప్రీం కమాండర్‌గా. చైనా సేనాని పెంగ్ దెహువాయ్ మర్నాడు పొద్దున కేసాంగ్‌లో పెట్టాడు. ఆయన హోదా వినండి: చైనా ప్రజా స్వచ్ఛంద సేవకుల కమాండర్. స్వచ్ఛంద సేవకులట! లక్షలమంది సైనికులు, ఫిరంగులతో సహా, వాళ్ళంతట వాళ్ళు సరదాపడి సరిహద్దు దాటి వచ్చారన్నమాట. చైనా అధికారికంగా యుద్ధంలో లేదు. అమెరికా కూడా అధికారికంగా యుద్ధం ప్రకటించలేదు, ఐక్యరాజ్యసమితి జెండా కింద "పోలీసు చర్య" అంది. ఆ మాట మనకు కొత్తదా? హైదరాబాదు వాళ్ళకు బాగా తెలుసు. సైన్యం దిగినప్పుడు ప్రభుత్వాలు వాడే పదం అది.

మరి దక్షిణ కొరియా? ఎవరి ఊళ్ళు తగలబడ్డాయో, ఎవరి రాజధాని తొమ్మిది నెలల్లో నాలుగుసార్లు చేతులు మారిందో, ఆ దక్షిణ కొరియా సంతకం ఎక్కడుంది? లేదు. అప్పుడూ పెట్టలేదు, ఇప్పటికీ లేదు. అధ్యక్షుడు సింగ్‌మన్ రీ పెట్టనన్నాడు. దేశం ఒక్కటి కావాలి, చైనా సరిహద్దులోని యాలూ నది దాకా పోవాలి, మధ్యలో ఆపడమేమిటని ఆయన వాదన. కాబట్టి ఆ కాగితం మీద సేనానులున్నారు, దేశాలు లేవు. "రెండు" సంగతి వేరే చెప్పాలా? ఒక పక్కన దక్షిణ కొరియా కాక పదహారు దేశాల సైన్యాలు, ఇంకో పక్కన రెండు.

ఇక "సంధి." తెలుగు మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు, తప్పయితే ఆయన చెబుతారు. వ్యాకరణంలో సంధి అంటే రెండు అచ్చులు కలిసి ఒకటవ్వాలి. కలవకుండా మధ్యలో యకారం వచ్చి కూర్చుంటే దాన్ని యడాగమం అంటాం. అవునా మాస్టారూ? కొరియాలో జరిగింది యడాగమం! రెండు ముక్కలూ కలవలేదు, వాటి మధ్యలో నాలుగు కిలోమీటర్ల వెడల్పున ఇంకొకటి వచ్చి కూర్చుంది. అదే సైన్యరహిత మండలం. రెండు వైపులవాళ్ళూ ఉన్నచోటు నుంచి రెండేసి కిలోమీటర్లు వెనక్కి జరగాలి, డెబ్భై రెండు గంటల్లో. ఆ నడి గీత మీద ఈ సముద్రం నుంచి ఆ సముద్రం దాకా, దాదాపు రెండు వందల యాభై కిలోమీటర్లు, బోర్డులు పాతారు. 1,292 బోర్డులు. దక్షిణం వైపు ముఖం మీద కొరియన్, ఇంగ్లీషు. ఉత్తరం వైపు ముఖం మీద కొరియన్, చైనీస్. సర్వేయరు రాళ్ళు పాతినట్టే. గట్టు తగాదాలు చూసినవాళ్ళకు తెలుసు, రాయి పాతినంత మాత్రాన తగాదా తెగదు. కొట్టుకోవడం ఆగుతుంది, అంతే.

ఆ ఒప్పందం పాఠం నేను మొత్తం చదివాను. అయిదు అధికరణాలు, 63 పేరాలు. స్నేహం, సౌభ్రాతృత్వం లాంటి మాటల కోసం వెతికాను. అలాంటివేం లేవు. కిలోమీటర్లున్నాయి, గంటలున్నాయి, ఏ రేవులోంచి ఎంతమంది సైనికులు మారవచ్చో ఉంది. మొదట్లోనే ఒక మాట ఉంది, తుది శాంతి పరిష్కారం కుదిరేదాకా ఇది అని. మూడు నెలల్లో రాజకీయ సమావేశం పెట్టుకుని మిగతావి తేల్చుకోమని సిఫార్సు చేశారు. మూడు నెలలు! ఆ సమావేశం 1954 ఏప్రిల్‌లో జెనీవాలో మొదలై, జూన్‌లో ఏమీ తేలకుండా లేచిపోయింది. అంటే మూడు నెలలకని వేసిన తాటాకు పందిట్లో డెబ్భై ఏళ్ళకు పైగా కాపురం ఉంటున్నారు.

ఎందుకు నిలబడింది ఆ పందిరి? నా అభిప్రాయం చెబుతాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు. అది ఎవర్నీ ఏదీ ఒప్పుకోమనలేదు. తప్పు నీదని ఎవర్నీ అనలేదు. యుద్ధం మొదలుపెట్టింది ఎవరో రాయలేదు. నష్టపరిహారం లేదు, క్షమాపణ లేదు. నువ్వు ఇక్కడ నిలబడు, నువ్వు అక్కడ నిలబడు. అంత తక్కువ అడిగింది కాబట్టే ఇన్నేళ్ళు ఆగింది అనిపిస్తుంది నాకు.

అంత తక్కువ రాసుకోవడానికి ఎన్నాళ్ళు పట్టిందో తెలుసా? రెండేళ్ళ పదిహేడు రోజులు. 158 సమావేశాలు. యుద్ధం మొదలైంది 1950 జూన్ 25న. చర్చలు మొదలైంది 1951 జూలై 10న. యుద్ధం మొత్తం మూడేళ్ళయితే, అందులో రెండేళ్ళు మాట్లాడుకుంటూ చేసిన యుద్ధమే.

మొదట చర్చలు కేసాంగ్‌లో. అది కమ్యూనిస్టుల చేతిలో ఉన్న ఊరు. ఇవతలి, అంటే ఐక్యరాజ్యసమితి వైపు ప్రతినిధుల జీపులకు దారిలో ఎవరూ కాల్చకుండా తెల్ల జెండాలు కట్టుకోమన్నారు. కట్టుకుని వెళ్ళారు. వెళ్ళేసరికి అక్కడ కెమెరాలు! తెల్ల జెండా పట్టుకుని అమెరికావాళ్ళు లొంగిపోవడానికి వస్తున్నట్టు ఫొటోలు. లోపలికి పోతే కుర్చీలు. అమెరికా అడ్మిరల్ టర్నర్ జాయ్‌కి వేసిన కుర్చీలో కూర్చోగానే కిందికి దిగిపోయాడు. ఎదురుగా నామ్ ఇల్ కుర్చీ ఎత్తుగా ఉంది. బల్ల మీద ఇవతలివాళ్ళు చిన్న జెండా పెడితే, తరవాతి సమావేశానికి అవతలివాళ్ళు అంతకంటే ఎత్తు జెండా తెచ్చారు. నవ్వుతున్నారు కదా? మన పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారి కుర్చీలు గుర్తొచ్చాయా?

ఆగస్టు 10న ఇంకో ముచ్చట. గీత ఎక్కడ గీయాలన్న విషయం మీద రెండు వైపులవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నోరు విప్పలేదు. ఎంతసేపు? రెండు గంటల పదకొండు నిమిషాలు. సిగరెట్లు కాల్చారు, పెన్సిళ్ళతో గీతలు గీశారు, లేచి వెళ్ళిపోయారు. మీరు నవ్వండి, తప్పులేదు. కానీ ఆ రెండు గంటల పదకొండు నిమిషాల్లో కూడా కొండల మీద కాల్పులు ఆగలేదు. అమెరికా సైన్యంలో గాయపడ్డవాళ్ళు, చనిపోయినవాళ్ళు కలిపి లెక్కేస్తే దాదాపు సగం ఈ చర్చలు మొదలయ్యాకే. ఒక గుట్ట కోసం వందలమంది, ఆ గుట్ట మళ్ళీ పోగొట్టుకోవడం, మళ్ళీ వందలమంది. సంతకాలకు రెండు వారాల ముందు కూడా చైనావాళ్ళు పెద్ద దాడి చేశారు, గీతను దక్షిణానికి జరపాలని.

ఇంత ఆలస్యం గీత గురించేనా? అదే అసలు విషయం. కాదు. గీత సంగతి 1951 నవంబరుకే దాదాపు తేలింది, ఎవరి సైన్యం ఎక్కడుంటే అక్కడే అని. ఆ తరవాత పదిహేను నెలలు పైగా పట్టింది ఒకే ఒక్క పేచీకి. ఖైదీలు.

ఖైదీల విషయంలో పేచీ ఏముంటుంది? మీవాళ్ళను మీకిస్తాం, మావాళ్ళను మాకివ్వండి, అంతే కదా? 1949 జెనీవా ఒడంబడిక కూడా అదే చెప్పింది, యుద్ధం ఆగగానే ఖైదీలను జాప్యం లేకుండా విడిచి పంపెయ్యాలని. కమ్యూనిస్టులు ఆ రూలు చూపించారు. అమెరికా అంది: వెళ్ళనన్నవాణ్ణి బలవంతంగా ఎలా పంపుతాం?

చూడండి ఎంత చిక్కు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక రష్యన్ ఖైదీలను బలవంతంగా వెనక్కి పంపారు, వాళ్ళలో చాలామందిని అక్కడ జైళ్ళలోకి, శిబిరాల్లోకి తోశారు. ఆ తప్పు మళ్ళీ చెయ్యొద్దని అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ పట్టుబట్టాడు. ఇది న్యాయమైన మాట. అలాగే, మా దగ్గర ఉన్న ఖైదీలు కమ్యూనిస్టు దేశానికి పోము అంటున్నారు చూడండి అని ప్రపంచానికి చాటుకోవడం కూడా ఉంది. ఇది రాజకీయం. రెండూ ఉన్నాయి, ఏది ఎంత అని నేను తూకం వెయ్యలేను. 1952 ఏప్రిల్‌లో ఖైదీలను అడిగి లెక్క తీశారు. లక్షా ముప్పై వేలమందికి పైగా ఉంటే, తిరిగి వెళ్తామన్నది సుమారు డెబ్భై వేలమంది. ఆ అంకె విని అవతలివాళ్ళు బల్ల గుద్దారు. మీరు బెదిరించి చెప్పించారన్నారు.

అది పూర్తిగా అబద్ధమా అంటే కాదు. దక్షిణ కొరియాలోని కోజే దీవిలో ఖైదీల శిబిరాలు. బయట కాపలా అమెరికావాళ్ళది. లోపల రాజ్యం ఖైదీల నాయకులది. ఒక దొడ్డిలో కమ్యూనిస్టుల పెత్తనం, ఇంకో దొడ్డిలో కమ్యూనిస్టు వ్యతిరేకుల పెత్తనం. కొందరి ఒంటి మీద కమ్యూనిస్టు వ్యతిరేక నినాదాలు పచ్చబొట్లు పొడిచారు, వాళ్ళకు ఇష్టం లేకపోయినా. ఆ పచ్చబొట్టుతో వాడు ఇంటికెలా వెళ్తాడు? 1952 మే నెలలో అయితే ఖైదీలు శిబిరం కమాండర్, అమెరికా జనరల్ డాడ్‌నే లోపలికి లాగి బందీ చేశారు. జైలరే ఖైదీ అయ్యాడు.

ఇక్కడ మనం వస్తాం. మనం అంటే ఇండియా.

మనవాళ్ళు ఈ కథలో మొదటి నుంచీ ఉన్నారు. 1950 జూలైలో, యుద్ధం మొదలైన మూడు వారాల్లోపే, నెహ్రూ స్టాలిన్‌కీ, అమెరికా విదేశాంగ మంత్రి అచెసన్‌కీ ఉత్తరాలు రాశాడు. అప్పుడు మాస్కోలో మన రాయబారి ఎవరో చెప్పుకోండి చూద్దాం. సర్వేపల్లి రాధాకృష్ణన్! మన రాధాకృష్ణన్ గారే. స్టాలిన్ సరే అన్నాడు, అమెరికా కుదరదంది. బీజింగ్‌లో మన రాయబారి పణిక్కర్. అక్టోబరు మొదట్లో ఒక అర్ధరాత్రి చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఆయన్ను నిద్రలేపి పిలిపించాడు. అమెరికా సైన్యం రెండు కొరియాల మధ్య గీత అయిన 38వ అక్షాంశం దాటితే మేం దిగుతామని చెప్పాడు. పణిక్కర్ ఢిల్లీకి చెప్పాడు, ఢిల్లీ లండన్‌కూ వాషింగ్టన్‌కూ చేరవేసింది. అక్కడివాళ్ళు పణిక్కర్ మాట లెక్క చెయ్యలేదు, ఆయన చైనా మనిషి అనుకున్నారు. దాటారు. చైనా దిగింది. ఆ ఒక్క కబురు విని ఉంటే? సరే, అది వదిలేద్దాం, అలా "ఉంటే"లు మొదలుపెడితే గ్రంథాలయం మూసేస్తారు.

మనం యుద్ధానికి సైన్యం పంపలేదు. వైద్య దళాన్ని పంపాం, 60వ పారాచూట్ ఫీల్డ్ ఆంబులెన్స్. లెఫ్టినెంట్ కల్నల్ రంగరాజ్ గారి నాయకత్వంలో. డాక్టర్లు పారాచూట్లు కట్టుకుని దూకారు, 1951 మార్చిలో మున్‌సాన్ దగ్గర. క్లార్క్ సంతకం పెట్టాడని చెప్పానే, ఆ మున్‌సానే.

ఖైదీల చిక్కుముడి విప్పే దారి ఐక్యరాజ్యసమితిలో మన ప్రతినిధి కృష్ణమీనన్ చూపించాడు. వెళ్ళనన్నవాళ్ళను ఎవరికీ చెందని తటస్థ దేశాల కమిషన్‌కు అప్పగించండి, అక్కడ నిదానంగా అడుగుదాం అని. 1952 డిసెంబరు 3న సర్వసభ్య సభలో 54 ఓట్లతో తీర్మానం నెగ్గింది. ఆ తేదీన మన దగ్గర ఏం జరుగుతోందో గుర్తుందా? మద్రాసులో పొట్టి శ్రీరాములు గారి నిరాహారదీక్ష నలభై రోజులు దాటింది. మనవాళ్ళ కళ్ళన్నీ అక్కడే ఉన్నాయి, కొరియా ఎవరికి పట్టింది?

ఆ తీర్మానాన్ని రష్యా తిట్టింది, చైనా తోసిపుచ్చింది. 1953 మార్చి 5న స్టాలిన్ పోయాడు. నెల తిరగకుండా అవతలివాళ్ళ గొంతు మారింది. చివరికి జూన్ 8న కుదిరినది చూస్తే, అది దాదాపు మన తీర్మానమే.

ఇక సంతకాలే తరువాయి అనుకున్నారు. సింగ్‌మన్ రీ ఊరుకుంటాడా? జూన్ 18 తెల్లవారుజామున తన కాపలాదార్లతో శిబిరాల గేట్లు తీయించాడు. ఇరవై ఏడు వేలమంది ఉత్తర కొరియా ఖైదీలు రాత్రికి రాత్రి ఊళ్ళలో కలిసిపోయారు. ఏ ఖైదీల గురించి ఇన్నాళ్ళు కొట్టుకున్నారో ఆ ఖైదీలనే మాయం చేశాడు! అమెరికాకు టెన్షన్. ముసలాయన్ను బుజ్జగించడానికి వాషింగ్టన్ నుంచి మనిషి వచ్చాడు, మీకు రక్షణ ఒప్పందం ఇస్తాం, డబ్బిస్తాం, సంతకం పెట్టకపోయినా పాడు చెయ్యకండి అని. ఆ రక్షణ ఒప్పందం మీద సంతకాలు ఎప్పుడయ్యాయో చెప్పనా? 1953 అక్టోబరు 1. కర్నూలులో ఆంధ్ర రాష్ట్రం మొదలైన రోజు. దీనికీ దానికీ సంబంధం ఏమీ లేదు, తేదీ గుర్తుంటుందని చెప్పాను.

సంతకాలయ్యాక వెళ్తామన్న ఖైదీలను ఆగస్టు 5 నుంచి సెప్టెంబరు 6 దాకా ఇటూ అటూ మార్చుకున్నారు. మిగిలారు, వెళ్ళనన్నవాళ్ళు. ఇవతలి చేతిలో 22,604 మంది, అందులో 14,704 మంది చైనావాళ్ళు. అవతలి చేతిలో 359 మంది, అందులో ఇరవై ముగ్గురు అమెరికన్లు. అమెరికన్లు కూడా వెళ్ళం అన్నారా అని ఆశ్చర్యపోతున్నారా? అమెరికాలో అంతకంటే ఎక్కువ ఆశ్చర్యపోయారు.

ఈ ఇరవై మూడు వేలమందిని చూసుకోవలసిన పని మనది. తటస్థ కమిషన్‌లో అయిదు దేశాలు: స్వీడన్, స్విట్జర్లాండ్ ఒక వైపు వాలేవి, పోలండ్, చెకోస్లొవేకియా ఇంకో వైపు వాలేవి. నడుమ అధ్యక్షుడు జనరల్ తిమ్మయ్య, కూర్గు మనిషి. కాపలాకు మన సైన్యం సుమారు ఆరువేలమంది, మేజర్ జనరల్ థోరాట్ నాయకత్వంలో. ఓడల్లో ఇంచన్ రేవుకు చేరారు. అక్కడ కొత్త పేచీ: భారత సైనికుడు నా నేల మీద కాలు పెట్టడానికి వీల్లేదన్నాడు రీ. మనం ఆయనకు పనికిరాని తటస్థులం. మరి రేవు నుంచి శిబిరానికి ఎలా పోవాలి? అమెరికా నౌక మీద నుంచి హెలికాప్టర్లలో ఎక్కించి నేరుగా సైన్యరహిత మండలంలో దింపారు. కాలికి మట్టి అంటకుండా! అక్కడ గుడారాలు వేసుకుని మనవాళ్ళు పెట్టుకున్న పేరు హింద్ నగర్.

మీరు ఆ సిపాయిల పరిస్థితి ఆలోచించండి. ఖైదీలు మీ శత్రువులు కారు. మీ భాష వాళ్ళకు రాదు, వాళ్ళ భాష మీకు రాదు. వాళ్ళు మీ మీద రాళ్ళు వేస్తారు. మీరు కమ్యూనిస్టులకు అప్పగించేస్తారని భయం వాళ్ళకు. ఒకసారి మన మేజర్ ఒకాయన్ను చైనా ఖైదీలు దొడ్డిలోపల పట్టి ఉంచేశారు. థోరాట్ స్వయంగా లోపలికి వెళ్ళి మాట్లాడి విడిపించుకొచ్చాడు. కొన్నిసార్లు కాల్పులు తప్పలేదు, ఖైదీలు చనిపోయారు కూడా. అది దాచక్కర్లేదు.

వాళ్ళను అడిగే పద్ధతి ఇలా ఉండేది. ఒక గుడారం. ఖైదీని తీసుకొచ్చి కూర్చోబెడతారు. అతని దేశం నుంచి వచ్చిన మనిషి మాట్లాడతాడు: ఇంటికి రా, మీ అమ్మ ఎదురుచూస్తోంది, నిన్ను ఎవరూ ఏమీ అనరు. విన్న తరవాత గుడారానికి రెండు గుమ్మాలు. ఒక దాంట్లోంచి పోతే ఇల్లు. రెండో దాంట్లోంచి పోతే మళ్ళీ శిబిరం. కొందరు వినకుండా అరిచేవారు, కుర్చీలు విసిరేవారు. కొందరు ఏడ్చేవారు. చాలామంది అసలు గుడారం దాకా రాలేదు. తొంభై రోజులు గడువు, డిసెంబరు 23తో అయిపోయింది. ఇంటి గుమ్మం ఎంచుకున్నది బహు కొద్దిమంది.

మరి మిగతావాళ్ళు? తేల్చాల్సిన రాజకీయ సమావేశం జరగలేదు. తిమ్మయ్య 1954 జనవరి 20న ఖైదీలను ఎవరు పట్టుకున్నారో వాళ్ళకే తిప్పి ఇచ్చేశాడు. రెండు వైపులా ఆయన్ను తిట్టారు. ఇటువాళ్ళు విడిచిపెట్టెయ్యాల్సింది అన్నారు, అటువాళ్ళు ఇంకా ఉంచాల్సింది అన్నారు. పెద్దమనిషి తీర్పు చెప్పినప్పుడు ఇద్దరూ తిడితే, తీర్పు సరిగ్గా చెప్పాడనే నేను లెక్క వేసుకుంటాను. చైనా ఖైదీల్లో పద్నాలుగు వేలమందికి పైగా తైవాన్ వెళ్ళారు. అమెరికన్లు ఇరవై ఒక్కరు చైనా వెళ్ళారు.

ఇప్పటి సంగతి ఒక్క మాట. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ వచ్చాక అనంతపురం వైపు కొరియావాళ్ళు కనిపిస్తున్నారు కదా. వాళ్ళ హోటళ్ళు కూడా వచ్చాయి. అక్కడ మీకు ఎదురయ్యే కొరియా మగవాళ్ళలో దాదాపు ప్రతివాడూ సైన్యంలో పనిచేసి వచ్చినవాడే. అది అక్కడ చట్టం. ఎందుకంటే లెక్క ప్రకారం వాళ్ళ యుద్ధం ఇంకా అవలేదు. శాంతి ఒప్పందం రాలేదు. ఉత్తర కొరియా ఆ కాల్పుల విరమణ ఇక చెల్లదని ఒకటికి రెండుసార్లు ప్రకటించింది. 2018లో ఇద్దరు నాయకులు పన్‌ముంజొమ్‌లో చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఆ గీత అటూ ఇటూ దాటారు, టీవీలో మనమంతా చూశాం. కాగితం మాత్రం ఆ 1953 నాటిదే.

లెక్కలో కొందరు మిగిలిపోయారు, మీరు గమనించారో లేదో. తిమ్మయ్య అందరినీ తిప్పి ఇవ్వలేదు. ఎనభై ఎనిమిది మంది ఇంకో మాట చెప్పారు. ఉత్తరం వద్దు, దక్షిణం వద్దు, చైనా వద్దు, తైవాన్ వద్దు, ఎవరి పక్కా లేని దేశం ఏదైనా ఉంటే అక్కడికి పోతాం అన్నారు. డెబ్భై ఆరుగురు కొరియన్లు, పన్నెండుగురు చైనావాళ్ళు. రెండు గుమ్మాలున్న గుడారంలో మూడో గుమ్మం అడిగినవాళ్ళు. వాళ్ళను ఏం చెయ్యాలో ఆ 63 పేరాల్లో సరిగ్గా లేదు. మన సైనికులు తిరిగి వచ్చే ఓడ ఉంది, ఆస్టూరియస్ దాని పేరు. దాంట్లో ఎక్కించుకుని తీసుకొచ్చేశారు.

1954 ఫిబ్రవరిలో మద్రాసు రేవులో దిగారు వాళ్ళు. ఎండ, జనం, అర్థం కాని అరవం, ఒకటీ అరా తెలుగు కూడా వినిపించే ఉంటుంది. అక్కడి నుంచి ఢిల్లీ పంపారు. తరవాత చాలామంది బ్రెజిల్, అర్జెంటీనా వెళ్ళి స్థిరపడ్డారు. కొద్దిమంది మాత్రం ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉండిపోయి, పెళ్ళిళ్ళు చేసుకుని, వ్యాపారాలు చేసుకున్నారు.

టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే టీ తాగుతూ మాట్లాడుకుందాం. బాబూ, ఆ బోర్డు మాత్రం ఇవాళ్టికి అలాగే ఉంచు, నేను ఫొటో తీసుకోవాలి.